బాపు టేబుల్ మళ్లీ తెరుచుకునేదాకా

ఈ ఏడాది ఏప్రిల్‌లో అమ్మ బాత్రూంలో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లపాటు వీల్‌చైర్ తప్పదన్నారు. కాజీపేటలో ఒక్కతే ఉండే పరిస్థితి లేదు కాబట్టి జూన్ ఆఖరి వారంలో ఆ ఇల్లు ఖాళీ చేసి, హనుమకొండలో మా ఫ్లాట్‌కు తీసుకొచ్చాం. సామానులో ఏది తేవాలి, ఏది వదలాలి అని తమ్ముడికీ నాకూ రెండు రోజులు వాదన నడిచింది. అంతా తేలిపోయి ఆఖరుకు మిగిలింది డైనింగ్ టేబుల్. పైన సన్‌మైకా అంచులు లేచిపోయాయి. రెండు కాళ్లు కింద పుచ్చి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. పాత సామాన్లు కొనే అతను నాలుగు వేలు ఇస్తానన్నాడు. "ఇచ్చేద్దాం అక్కా, మీ ఇంట్ల జాగ ఎక్కడిది" అన్నాడు తమ్ముడు. నాకు నోట మాట రాలేదు. ట్రాలీ ఆటోకు 700 ఇచ్చి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దింపించాను.

ఆ టేబుల్ 1974లో బాపు, అంటే మా నాన్న, రైల్వే వేలంలో కొన్నది. బాపు కాజీపేటలో లోకో డ్రైవర్. మామూలు రోజుల్లో అది నాలుగడుగుల బల్ల. చుట్టాలొస్తే బాపు రెండు చివర్లూ పట్టి లాగేవాడు. లోపలి నుంచి చెరో పలకా బయటికొచ్చేది, పై పలక కాస్త లేచి, ధడేల్‌మని కిందికి కూర్చునేది. అంతే, ఏడడుగుల బల్ల! ఆ చప్పుడు వినబడితే ఇంటికి ఎవరో వస్తున్నారని మాకు అర్థం. పక్కింటి పిల్లలు కూడా ఆ చప్పుడు విని వచ్చేవాళ్లు. నేను డిగ్రీలో ఉన్నప్పుడో ఆ తరువాతో అది తెరుచుకోవడం మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరమూ అడగలేదు.

జూలై 6, ఆదివారం. మావారూ నేనూ వాచ్‌మన్ సాయంతో టేబుల్‌ను తలకిందులు చేశాం. అడుగున బూజు దులిపితే ఒక పక్క చట్రానికి చెక్కలో కాల్చి వేసిన ముద్ర కనబడింది. ఎన్.ఎస్.ఆర్. నిజాం స్టేట్ రైల్వే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ దగ్గర్నుంచి తన చేతిలోకి తీసుకున్నాక వచ్చిన పేరది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. అంటే ఈ బల్ల ఆ ఇరవై ఏళ్ల మధ్యదే అయ్యుండాలి. బాపుకంటే వయసులో పెద్దది కావచ్చు. ఆ మూడక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను. చిన్నప్పుడు ఎన్నిసార్లు ఈ బల్ల కింద దాక్కున్నానో, ఒక్కసారైనా పైకి చూడలేదు.

పలకలు లాగి చూశాం. కదల్లేదు. ఎంత బలం పెట్టినా వెంట్రుకంత కూడా రాలేదు.

తరువాతి వారం నాలుగు చోట్ల అడిగాను. ఒక ఫర్నిచర్ షాపులో "ఇది ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయండి, కొత్త ఆరు కుర్చీల టేకు సెట్టు 42 వేలకు ఇస్తాం" అన్నారు. ఇంకొకతను వచ్చి చూసి, ఈ జరిగే పలకలన్నీ తీసేసి పైన ప్లైవుడ్ వేసి గట్టిగా బిగించేస్తే 9 వేలలో అయిపోతుందన్నాడు. ఆయన చెప్పింది తప్పని నాకు అప్పుడు తెలియదు, కానీ మనసొప్పలేదు. కట్టె కోత మిల్లులో అడిగితే, కాజీపేట దర్గా వైపు ఒక పెద్దాయన ఉన్నాడు, పాత పని ఆయనకే తెలుసు అని చెప్పారు.

జూలై 20న ఆయన వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. కొలత పట్టీ తీయలేదు, ధర మాట్లాడలేదు. పై పలకను రెండు చేతులతో పట్టి ఎత్తబోయాడు. లేవలేదు. సన్‌మైకా మీద అరచేత్తో నెమ్మదిగా తట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. "దీన్ని ఎవరో మేకులేసి కొట్టిండ్రు బిడ్డా. పైపలక కొట్టేది కాదు. అది ఊగాలె" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. కాళ్ల చట్రం మీద మధ్యలో ఒక అడుగు వెడల్పు పలక మాత్రమే స్క్రూలతో బిగించి ఉంటుంది. దానికి అటూ ఇటూ పద్దెనిమిది ఇంచీల జరుగుడు పలకలు రెండు. ఒక్కో జరుగుడు పలక కింద రెండు పొడవాటి పట్టీలు, చట్రంలో కోసిన గాళ్లలోంచి లోపలికి పోయి ఉంటాయి. వీటన్నిటి మీదా పెద్ద పలక ఊరికే ఆని ఉంటుంది. దాని అడుగున రెండు చెక్క గూటాలు మధ్య పలకలోని రంధ్రాల్లోకి దిగి ఉంటాయి. అందుకని అది పక్కకు పోదు, కానీ పైకి లేస్తుంది. ఇక అసలు కిటుకు ఆ పట్టీల్లో ఉంది. అవి చూడడానికి తిన్నగా ఉన్నా కింది అంచు వాలుగా చెక్కి ఉంటుంది. పలక పద్దెనిమిది ఇంచీలు బయటికొచ్చేసరికి పెద్ద పలక మందమెంతో అంతే, అంటే ఏడు సూత్‌లు పైకి లేవాలి. ఎనిమిది సూత్‌లు ఒక ఇంచి. ఒక సూత్ తక్కువైతే బల్ల మీద మెట్టు వస్తుంది, ఎక్కువైతే జరుగుడు పలక తల ఎత్తుకుని నిలబడుతుంది.

రోజుకు 1,100 కూలి. ఎన్ని రోజులో ముందే చెప్పనన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటకు టెన్షన్ పడ్డాను. అయినా సరే అన్నాను.

జూలై 28న పని మొదలైంది. సెల్లార్‌లో పెట్టుకోవడానికి అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకున్నారు గానీ, చప్పుడు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకే ఉండాలన్నారు. ఇలాంటి పని ఫ్లాట్లలో పెట్టుకునేవాళ్లు ఈ విషయం ముందే మాట్లాడుకోండి. మొదటి రోజంతా సన్‌మైకా తీయడానికే పోయింది. ఇస్త్రీ పెట్టె వేడి చేసి, తడిగుడ్డ మీద ఆనించి, కింద గమ్ము మెత్తబడుతుంటే పాత ఉలితో కొంచెం కొంచెం లేపడం. తొందరపడి లాగితే కింద చెక్క పెచ్చులు లేస్తుంది. ఒక మూల నేను అలాగే లేపాను, అరచేయంత పెచ్చు వచ్చింది. ఆయన ఏమనలేదు, నా చేతిలోంచి ఉలి మాత్రం తీసుకున్నాడు. మిగిలిన జిగురు థిన్నర్‌తో తుడిచాం. ఆ వాసనకు రెండు రోజులు తలనొప్పి. తలుపులు మూసిన గదిలో మాత్రం ఎవరూ చేయవద్దు.

సాయంత్రానికి మేకులు బయటపడ్డాయి. ఎనిమిది. రెండంగుళాలవి. పెద్ద పలకలోంచి జరుగుడు పలకల్లోకి, అక్కడి నుంచి చట్రంలోకి దిగగొట్టి, తలలు కనబడకుండా లప్పం పెట్టి, మీద సన్‌మైకా వేశారు. ఒక్కో మేకు చుట్టూ చెక్క నల్లగా, రూపాయి బిళ్లంత మచ్చ. మరునాడు ఆయన చిన్న కొయ్యముక్క ఆనించి, ఒక్కో మేకూ పది నిమిషాలు తీసుకుని పీకాడు. తుప్పు పట్టిన మేకు చెక్కలోంచి వచ్చేటప్పుడు కీచుమని ఒక అరుపు. ఎనిమిదీ ఒక పళ్లెంలో పెట్టి పైకి తీసుకెళ్లి అమ్మకు చూపించాను.

అమ్మ వాటిని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేనే కొట్టిచ్చిన బిడ్డా" అంది.

2003లో, నా పెళ్లికి ముందు ఇల్లు బాగు చేయించారు. అప్పుడు వచ్చిన వడ్రంగితో అమ్మ "కూరగాయలు కోస్తుంటే ఈ బల్ల ఊగుతంది, జర గట్టిగ చెయ్యి" అని చెప్పిందట. బాపు డ్యూటీ మీద బల్లార్షా వెళ్లాడు. వడ్రంగి ఊగకుండా చేశాడు. బాపు వచ్చి చివర పట్టుకుని లాగి చూసి, ఏమీ అనకుండా వెళ్లి స్నానం చేశాడట. రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. నా పెళ్లి పనుల బెంగ అనుకుందట అమ్మ. "మీ బాపు ఒక్క మాట అన్నా మనసుకు తేలికుండేది" అంటూ ఏడ్చింది. బాపు పోయి పద్నాలుగేళ్లయింది. ఇన్నేళ్లూ ఆమె దీన్ని మనసులో పెట్టుకుని తిరిగిందని ఆ రోజే తెలిసింది. నా చేతికి ఏం చేయాలో తోచక ఆమె జుట్టు దువ్వుతూ కూర్చున్నాను.

మచ్చలకు ఆక్సాలిక్ యాసిడ్ వాడాం. పెయింట్ల దుకాణంలో పొడిగా దొరుకుతుంది. గోరువెచ్చని నీళ్లలో కలిపి, గ్లౌజులు వేసుకుని, మచ్చ మీద గుడ్డతో ఆనించి, తరువాత మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. విషం అది, పిల్లలకు అందకుండా పెట్టాలి. నలుపు మొత్తం పోలేదు, గోధుమ రంగుకు వచ్చింది. మేకు రంధ్రాల్లో టేకు పుల్లలు చెక్కి దిగగొట్టాడు.

తరువాతి చిక్కు కర్ర. వాలు పట్టీల్లో ఒకటి మేకు దిగిన చోట నిలువునా చీలింది. రెండు కాళ్లు అడుగున నాలుగంగుళాలు పనికిరావు. టేకు కొందామని నేను బయల్దేరితే ఆయన వద్దన్నాడు. ఇప్పటి టేకు లేతది, ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, పాతదాని పక్కన పెడితే ఒకదాని మాట ఇంకొకటి వినదు అన్నాడు. "మీ పాతింటి దర్వాజ లేదా?" అని అడిగాడు. ఉంది. కాజీపేట ఇంటి వెనక వైపు ద్వారబంధం, చిన్నప్పటి నుంచి అక్కడే ఉన్నది. ఆగస్టు 2న దాన్ని తీయించి మిల్లుకు తీసుకెళ్లాం. కోతకు 400. సగంలో లోపల విరిగిపోయిన పాత మేకు తగిలి రంపం పళ్లు ఎగిరాయి. మిల్లు అతను ఇంకో 600 తీసుకున్నాడు. అతని తప్పేమీ లేదు. పాత కర్ర కోతకు తీసుకెళ్లే ముందు మీద అయస్కాంతం పెట్టి అంతా వెతుక్కోవాలట. తెలియక పోయింది.

కోసిన ముక్కను మేస్త్రీ చిత్రిక పట్టినప్పుడు వచ్చిన వాసన గురించి చెప్పాలి. పైన సున్నం, పసుపు, కుంకుమ పొరలు పొరలుగా ఉన్న కర్ర. రెండు మూడు చుట్టలు లేచాయో లేదో లోపల నుంచి తేనె రంగు, నూనె మెరుపు, తోలు వాసనలాంటి ఘాటు వాసన. ఎన్నో ఏళ్లు గడప దగ్గర నిలబడిన కర్ర నిన్న నరికినట్టుంది. చిత్రిక చుట్టలు కొన్ని కవర్లో వేసి దాచుకున్నాను.

ఆగస్టు 4 నుంచి 6 దాకా పని బాగా సాగింది. ఆ తరువాత ముసురు పట్టింది. తేమలో కొలతలు నిలబడవని ఆయన రాలేదు. ముసురు తగ్గేసరికి వినాయక చవితి వచ్చింది. ఆయన గల్లీ మండపాల పనిలో పడ్డాడు. నిమజ్జనం దాకా ఫోన్ చేసినా "వస్త బిడ్డా" అనడమే. సెప్టెంబర్ 8 దాకా అంగుళం పని జరగలేదు. నెల రోజులు టేబుల్ ముక్కలు ముక్కలుగా సెల్లార్‌లో పరదా కప్పుకుని పడి ఉంది. కార్లు పెట్టుకునేవాళ్లు గొణిగారు. తప్పు చేశానేమో, నాలుగు వేలకు ఇచ్చేస్తే పోయేదేమో అని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అమ్మ మాత్రం రోజూ అడిగేది, "ఎంత వరకొచ్చింది?" అని.

సెప్టెంబర్ 8 నుంచి మూడు రోజులు ఒక్క వాలు పట్టీ మీదే కూర్చున్నాడు. పాత పట్టీని పక్కన పెట్టి గీత గీసి చెక్కడం, గాళ్లో తోసి చూడడం, బయటికి తీసి రెండు చుట్టలు లేపడం, మళ్లీ తోయడం. పట్టీకి సుద్ద రాసి తోసేవాడు. సుద్ద ఎక్కడ చెరిగితే అక్కడ ఒరుస్తోందని గుర్తు. మూడు రోజుల కూలి ఒక పట్టీకా అని మొదట నాకూ అనిపించింది. ఆయన చేయి చూశాక ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాను.

ఇక్కడే టేబుల్‌ను మార్చే సంగతి వచ్చింది. అమ్మ వీల్‌చైర్ మామూలుగా టేబుల్ కిందికి పోదు. చుట్టూ చట్రం అడ్డం, నేల నుంచి 23 ఇంచీలే ఖాళీ. మోకాళ్లు తగులుతాయి. ఒక పక్క చట్రం కోసేద్దామని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు, చట్రం కోస్తే కాళ్లు విచ్చుకుంటాయన్నాడు. ఒక జరుగుడు పలకను బయటికి లాగి, "అమ్మను ఇక్కడ కూసోబెట్టు" అన్నాడు. నిజమే! బయటికొచ్చిన పలక కింద చట్రం లేదు, రెండు పట్టీలే. పైగా రెండు పలకల పట్టీలూ లోపల ఒకదాని పక్కన ఒకటి పోవాలి కాబట్టి, ఒక పలకకు పట్టీలు దూరంగా, ఇంకోదానికి దగ్గరగా ఉంటాయి. దూరంగా ఉన్న వైపు మధ్యలో 28 ఇంచీలు. వీల్‌చైర్ 25. సరిగ్గా దూరుతుంది. ఎలాగూ కాళ్ల అడుగులు కొత్తగా అతకాలి కాబట్టి నాలుగింటినీ ఒక ఇంచి పెంచి బల్లను 31 ఇంచీలు చేశాడు. అమ్మ మోచేయి ఆనిస్తే పలక లోపలికి జారకుండా అడుగున తిప్పుడు బిళ్ల ఒకటి పెట్టాడు. ఎనభై ఏళ్ల కింద ఎవరో చేసిన బల్లలోనే అమ్మకు చోటు ఉంది. మేము చేసింది ఒక ఇంచి, ఒక బిళ్ల.

సెప్టెంబర్ 14, ఆదివారం, అన్నీ కూర్చోబెట్టి చూశాం. పెద్ద పలకకూ మధ్య పలకకూ మధ్య వెనకటికి ఆకుపచ్చ గుడ్డ పట్టీ ఉండేది, గీతలు పడకుండా. దాని పీలికలే మిగిలాయి. కొత్త ఫెల్టు కోసం వెతుకుతానంటే, "గొంగడి లేదా ఇంట్ల?" అన్నాడు. బాపుది ఉంది, రాత్రి డ్యూటీలకు వెంట తీసుకెళ్లేది. దాన్ని కోయాలంటే నాకు చేయి రాలేదు. అమ్మ కత్తెర తీసుకుని తనే అంచు నుంచి రెండంగుళాల పట్టీలు కోసి ఇచ్చింది.

పాలిష్ వేరే అతను, సామానుతో కలిపి 4,500. మెలమైన్, మెరుపు లేనిది. వేడి గిన్నె పెట్టినా తట్టుకునేది కావాలన్నాను, అదే చాలన్నాడు. దసరాకు కావాలని నేనే తొందర పెట్టాను. 16న వాతావరణం బాగోలేదు, రెండు రోజులు ఆగుదామని అతను అన్నాడు. నేను వినలేదు. సాయంత్రం వాన కురిసింది. పొద్దున చూస్తే పలకంతా పాలు చల్లి తుడిచినట్టు తెల్లటి పొర. గుండె జారిపోయింది. ఆ రోజు 17, విశ్వకర్మ జయంతి, పనిముట్లకు పూజ, ఎవరూ ముట్టుకోరు. గాలిలో తేమ పాలిష్ కింద చిక్కుకుంటే ఇలా అవుతుందట. వారం ఎండ కోసం ఆగి, 24న గరుకు పేపర్ పట్టి మొత్తం తీసి మళ్లీ వేశాడు. సామాను ఖర్చు 600 నేనే ఇచ్చాను, తప్పు నాది. వాలు పట్టీలకూ, అవి జరిగే గాళ్లకూ మాత్రం పాలిష్ తగలనివ్వవద్దని మేస్త్రీ పదిసార్లు చెప్పాడు. వాటికి కొవ్వొత్తి రుద్దితే చాలు.

లెక్క చెబుతాను. మేస్త్రీ తొమ్మిది రోజులకు 9,900. పాలిష్ రెండు విడతలు కలిపి 5,100. మిల్లులో వెయ్యి. ఇత్తడి స్క్రూలు 320. థిన్నర్, యాసిడ్, పేపర్, గమ్ము 880. ఆటో 700. మొత్తం 17,900.

28న నలుగురం మోసి పైకి తెచ్చాం. లిఫ్టులో పట్టదని భయపడ్డాను. పెద్ద పలక ఊరికే ఎత్తితే వచ్చేది కదా, విడిగా తెచ్చాం, చట్రం నిలువుగా పట్టింది.

అక్టోబర్ 2, దసరా. గాంధీ జయంతి కూడా అదే రోజు వచ్చింది కాబట్టి మటన్ ముందురోజే తెచ్చి పెట్టుకున్నాం. జమ్మి తీసుకుని సాయంత్రం తమ్ముడి కుటుంబం వచ్చింది. అమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది. నేనొక చివర, తమ్ముడొక చివర పట్టుకుని లాగాం. పలక లేచి, ధడేల్‌మని కూర్చుంది.

లోపల నుంచి అమ్మ గొంతు, "ఎవరొచ్చిండ్రే?"

తమ్ముడు నా వైపు చూడలేకపోయాడు. పళ్లేలు తెచ్చే నెపంతో వంటింట్లోకి వెళ్లాడు. ఆ పూట తొమ్మిది మందిమి ఒకే బల్ల మీద తిన్నాం. అమ్మ చివర, దూరం పట్టీల వైపు.

ఇప్పుడు మూడు వారాలైంది. గాలి పొడిబారేకొద్దీ అమ్మ వైపు పలకకూ పెద్ద పలకకూ మధ్య సందు కొంచెం పెరిగింది, గోరు పడుతోంది. మేస్త్రీకి ఫోన్ చేస్తే సంక్రాంతి తరువాత వచ్చి చూస్తానన్నాడు, కర్ర ఒక ఏడాది తిరిగితే గానీ కుదురుకోదట. ఈలోపు మెతుకులు పడకుండా పాత పోస్టుకార్డు ఒకటి మడిచి ఆ సందులో పెట్టమన్నాడు. బాపు ట్రంకు పెట్టెలో ఖాళీది ఒకటి దొరికింది, అదే పెట్టాను.